మూడో నంబరు, నాలుగో నంబరు

శిల్ప సంచీని డ్రైవరు కారులో పెట్టడం, భూపేష్ దాన్ని తెచ్చి నడవలో పడేయడం పొద్దున్నుంచి ఇది మూడోసారి. ఈసారి జిప్పు తెగి రెండు చీరలు, ఆసుపత్రి కాగితాల కట్ట బండల మీద పడ్డాయి. ఎవరూ వంగి తీయలేదు.

"ఇంకొక తూరి దీన్ని ముట్టుకుంటే నీ కారు ఈడ్నే ఉంటాది, నువ్వు బస్సెక్కి పోతావు," అన్నాడు భూపేష్ డ్రైవరుతో.

డ్రైవరు హైదరాబాదు మనిషి, నడివయసువాడు. తోడబుట్టినవాళ్లు తిట్టుకునే ఇళ్లు ఎన్నో చూసినవాడు. వెళ్లి గోడ నీడన కూర్చున్నాడు.

తొమ్మిది దాటింది. కోసిగి ఎండలో తొమ్మిదంటే మిట్టమధ్యాహ్నం కిందే లెక్క. రేపు పొద్దున ఎనిమిదింటికల్లా శిల్ప హైదరాబాదులో పరీక్షకు సిద్ధంగా ఉండాలి. కడుపులో బిడ్డను అంటుకుని ఉండే మాయలోంచి చిటికెడంత ముక్క తీసి, ఆ బిడ్డకూ శివాని జబ్బు ఉందో లేదో తేల్చే పరీక్ష. శిల్పకు పన్నెండు వారాలు నిండాయి. ఇంకో వారం దాటితే ఈ పరీక్షకు వీలుండదు. తర్వాత చేసేది మరొకటి ఉంది కానీ, దాని ఫలితం చేతికొచ్చేసరికి అయిదో నెల. బిడ్డ కదలడం మొదలుపెట్టాక ఏ తల్లి మాత్రం గుండె రాయి చేసుకుంటుంది?

శివాని జబ్బు ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. శిల్ప కన్న నాలుగేళ్ల పిల్ల. ఒంట్లో పుట్టే రక్తం నిలవదు. మూడు వారాలకోసారి కర్నూలు తీసుకెళ్లి ఎవరిదో రక్తం ఎక్కించుకుని రావాలి. ఎక్కించే రోజు దగ్గరపడేకొద్దీ పిల్ల పెదవులు తెల్లబడి, ఆడుకోవడం మానేసి, గదిలో ఓ మూల పడుకుంటుంది. ఇవాళా అలాగే పడుకుని ఉంది. పక్కన శిల్ప కూర్చుని ఉంది. నాలుగు రోజులుగా శిల్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

పరీక్ష ఏర్పాటు చేసి, కారు తెచ్చింది శివజ్యోతి. భూపేష్‌కు సొంత అక్క. శిల్పకు చిన్నమ్మ కూడా, ఆడబిడ్డ కూడా. శిల్ప ఈ ఇంటి పెద్దకూతురి బిడ్డ. మేనమామనే కట్టుకుంది.

ఊరు దాటితే శివజ్యోతి పెద్ద మనిషి. రక్త క్యాన్సరు వచ్చినవాళ్ల ఒంట్లోంచి తెల్లకణాలు బయటికి తీసి, వాటికి క్యాన్సరును గుర్తుపట్టడం నేర్పి, తిరిగి వాళ్ల ఒంట్లోకే ఎక్కించే వైద్యం మీద ఏళ్ల తరబడి పనిచేస్తోంది. ఇక లాభం లేదని ఇంటికి పంపేసిన తొమ్మిది మంది ఆ వైద్యంతో లేచి తిరుగుతున్నారు. పేపర్లవాళ్లు వచ్చి ఫొటోలు తీసుకుని పోయారు. పోయిన ఆదివారం ఆమె చదివిన కర్నూలు కాలేజీవాళ్లు పిలిచి శాలువా కప్పారు.

ఆ సన్మానమే కొంప ముంచింది.

సభలో పాత మాస్టారు మైకు పట్టుకుని ఆమె మొదటి పరిశోధన గురించి చెప్పుకొచ్చాడు. పదకొండేళ్ల కిందట, ఈ పల్లెలోనే, మూడు వందల పన్నెండు మంది రక్తం తీసి ఎంతమందిలో ఈ జబ్బు బీజం దాగి ఉందో లెక్క తేల్చిన పరిశోధన. గుంటూరు వైపు మిరపకాయ కోతలకు సుగ్గికి, అంటే వలస పనికి, పోయిన కూలీలంతా ఊరు చేరే నెల చూసి ఆమె శిబిరం పెట్టింది. ఆ నెల ఏదో పట్నం ప్రొఫెసర్లకు తెలియదు, ఈ ఊరి పిల్లకు తెలుసు. ఎవరి పేరూ రాయలేదు, అన్నీ నంబర్లే. ఎవరి రక్తంలో ఏముందో ఎవరికీ తెలియకూడదన్నది నియమం. ఇదంతా చెప్పి మాస్టారు ఇంకొక్క మాట కలిపాడు. జనం సూదికి జడిసి పారిపోతుంటే, మా శివజ్యోతి ముందు తన ఇంటివాళ్లను వరసగా కూర్చోబెట్టి తీసింది, మొదటి ఆరు నంబర్లూ వాళ్ల ఇంటివే, అన్నాడు.

హాలంతా చప్పట్లు. శివానిని ఒళ్లో పెట్టుకుని మూడో వరసలో కూర్చున్న భూపేష్ కూడా చప్పట్లకు చేతులెత్తాడు. ఎత్తిన చేతులు అట్లాగే ఆగిపోయాయి. మొదటి ఆరూ ఎవరివో తెలిసిన మనిషికి, వాటిలో ఏముందో తెలియకుండా ఎట్లా ఉంటుంది?

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అడిగాడు. శివజ్యోతి తెలుసునంది.

అది ఆదివారం. ఇవాళ గురువారం.

భూపేష్ వాకిట్లోంచి తిరిగొచ్చి అక్క కుర్చీకి ఎదురుగా నిలబడ్డాడు. నాలుగు రోజులుగా అడిగినవే మళ్లీ మొదలుపెట్టాడు. తెలియక కాదు, ఆమె నోటితో ఇంకోసారి చెప్పించాలని.

"మూడో నంబరు ఎవురిది?"

"నీది."

"నాలుగు?"

"శిల్పది."

"రెండిట్లోనూ అది ఉండాదని యాపొద్దు తెలిసింది నీకు?"

"రెండువేల పదైదు. జూన్."

"మా పెండ్లి?"

శివజ్యోతి గోడ వైపు చూసింది. "పంతొమ్మిది."

"నాలుగేండ్లు," అన్నాడు భూపేష్. "నాలుగేండ్లలో ఎన్ని తూర్లు ఊరికొచ్చినావు. మాతో కూసోని ఎన్ని తూర్లు ఉగ్గాణి తిన్నావు. పెండ్లినాడు మా కొంగులు ముడేసింది ఎవురక్కా?"

కొంగుముడి వేసే హక్కు పెళ్లికొడుకు తోబుట్టువుది. శివజ్యోతే వేసింది. వేళ్లు ఆడక ముడి రెండుసార్లు జారిపోతే, అంత చదివిందానికి ముడేయడం కూడా రాలేదని ఆడవాళ్లంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు ఆమెకు తన ముఖమ్మీద తనకే ఉమ్మాలనిపిస్తోంది.

నియమం గురించి ఆమె మళ్లీ చెప్పబోయింది. రక్తం ఇచ్చినవాళ్ల ఫలితం పేరు పెట్టి బయటికి చెప్పనని పెద్దల కమిటీ ముందు సంతకం చేసిందనీ, చెబితే పరిశోధన మొత్తం కొట్టేసేవాళ్లనీ. భూపేష్ పూర్తిగా విననేలేదు.

"ఆ నియమం ఎవురి మంచికి పెట్టింది?"

"రక్తం ఇచ్చినోళ్ల మంచికే."

"ఇచ్చినోళ్లం మేమే కదా."

శివజ్యోతి కుర్చీ అంచుకు జరిగింది. 

"నా చదువు పోతుందని భయపడినా భూపా," అంది చివరికి. "అది నిజం."

"ఈ మాట ఆదివారమే చెప్పింటే సగం చల్లారుతుంటినేమో. నాలుగు దినాలు నియమం నియమం అంటివి." అతను బండల మీద పడ్డ కాగితాల వైపు చూశాడు. "యాడ పెట్టినావు ఇప్పుడు మా నెత్తురు?"

"ల్యాబులో. ఫ్రీజర్లో."

"పదకొండేండ్లు అట్లనే ఉండాదా?"

"చెడిపోదు."

"నా బిడ్డ ఒంట్లో మూడు వారాలు నిలవదు," అన్నాడు భూపేష్.

ఆ తర్వాత అతను చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఉన్నది గొంతు తగ్గించి చెప్పాడు. కడుపులో ఉన్న బిడ్డ ముక్క కూడా తీసుకుపోయి ఆ ఫ్రీజర్లో పెట్టుకుంటానంటే తను ఒప్పుకోనన్నాడు. జబ్బుందని తేలితే తీసేయమంటారు, లేకపోతే ఇంకో కాగితం రాసుకుంటారు, అంతకుమించి చదువుకున్నవాళ్లు చేసేదేముందన్నాడు. ఈ బిడ్డ పుట్టాలి, దీని ఎముకల్లోని మూలుగ శివానికి సరిపోతే పిల్ల బతుకుతుంది, ఆ ఒక్క ఆశతో తను కూటికి కూర్చుంటున్నాడు. ఆ ఆశ మీద సూది గుచ్చడానికి వీల్లేదన్నాడు. ఈ బిడ్డకూ అదే జబ్బుంటే ఆ మూలుగ ఎవరికీ పనికిరాదనీ, మూడు వారాలకోసారి ఇద్దరు పిల్లల్ని మోసుకుని కర్నూలు పోవాలనీ ఆమె చెప్పేలోపు బయటికి పోయి ట్రాక్టరు షెడ్డులో కూర్చున్నాడు.

నడవలో ఓ పక్క ఓబులమ్మ విత్తనానికి వేరుశనగ బుడ్డలు ఒలుస్తోంది. ఇంత జరుగుతున్నా ఆ తల్లి చేతులు ఆగలేదు. గింజలు చేటలో పడుతున్నాయి, పొట్టు ఒళ్లో పడుతోంది. కొడుకు అరిచినా, కూతురు అదిరినా తల ఎత్తలేదు.

శివజ్యోతి తల్లినే చూస్తోంది. ఒక్కసారి తల ఎత్తితే చాలని చూస్తోంది.

ఆమె తమ్ముడికి అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పింది. ఆ ఇంట్లో సగం చెప్పడం అందరికీ చేతనయిన పని. రెండో సగం బుడ్డలు ఒలుస్తూ కూర్చుంది.

రెండువేల పదిహేను జూన్‌లో ఫలితాల కాగితం పట్టుకుని శివజ్యోతి నేరుగా ఊరికి పరిగెత్తుకొచ్చింది. నియమం, సంతకం అన్నీ పక్కన పెట్టి వచ్చింది. ఓబులమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతుంటే పక్కన కూర్చుని విడమరచి చెప్పింది. భూపేష్ ఒంట్లో ఒక బీజం ఉంది, శిల్ప ఒంట్లోనూ అదే ఉంది, విడివిడిగా ఇద్దరికీ ఏమీ కాదు, ఇద్దరికీ పెళ్లి చేస్తే మాత్రం పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం, అని. ఆ బీజం తల్లినుంచే వచ్చిందన్న మాట మాత్రం మింగేసింది. ఒకటో నంబరు ఓబులమ్మది.

ఓబులమ్మ రొట్టె తిరగేసింది. 

"నాలుగులో మూడు మంచివే కదమ్మా," అంది.

కాదని ఎన్ని విధాల చెప్పినా ఆమె చెవికెక్కలేదు. నాలుగేళ్లలో ఒక్క ఏడు వాన పడుతుందని నమ్మి విత్తనం వేసే కొంప అది. తాతల కాలం నుంచీ ఒకటి కోసం మూడు పోగొట్టుకుంటూ బతికినవాళ్లకు, మూడు మంచివి ఒకటి చెడ్డదీ అని చెబితే అది ప్రమాదంగా ఎట్లా తోస్తుంది? పంట చేతికొచ్చినట్టే లెక్క. తన చదువు చదువంతా ఆ పొయ్యి ముందు ఎందుకూ కొరగాకుండా పోయిందని శివజ్యోతికి ఆ రోజే అర్థమయింది.

పైగా ఓబులమ్మకు మాట ఉంది. పెద్దకూతురు ఆరేళ్ల శిల్పను ఆమె చేతిలో పెట్టి కన్నుమూసింది. పరాయి ఇంటికి పంపొద్దమ్మా, తమ్ముడికే చెయ్యి అని అడిగి పోయింది. శిల్ప తండ్రి సుబ్బయ్య కడప వైపు మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనికి పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకుని, కూతురు ముఖం చూడటానికి కూడా రాలేదు. శిల్పకు ఈ ఇల్లు తప్ప ఇల్లు లేదు, అవ్వ తప్ప తల్లి లేదు. ఓబులమ్మ శివజ్యోతి చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది. ఈ మాట ఇంట్లో ఎత్తితే నన్ను చంపినట్టే అంది.

శివజ్యోతి ఒట్టు వేసింది. ఒట్టు వేశాక ఆమె గుండె తేలికపడింది. అసలు ఏడవాల్సింది ఇక్కడ. ఇక చెప్పనక్కర్లేదు, చదువు నిలబడుతుంది, పాపం తల్లి నెత్తిన పోతుంది. ఆ తేలికతనంతోనే హైదరాబాదు బస్సెక్కింది.

క్యాన్సరు కణం ఒంట్లో బతికి బట్టకట్టేది, కాపలా కణాలు దాన్ని మనదేలే అనుకుని వదిలేస్తాయి కనక. ఈ మాట ఆమె ఎన్ని సభల్లో చెప్పిందో లెక్కలేదు. మనవాళ్లేలే అనుకుని వదిలేసింది తనే.

పది గంటలకు రాహేలమ్మ వచ్చింది. చర్చి వీధి మనిషి, సుగ్గినుంచి వారం కిందటే తిరిగొచ్చింది. వేళ్లకు ఇంకా మిరపకాయల మంట తగ్గలేదు. రెడ్ల ఇంట్లో గొడవకు వచ్చి నిలబడే అలవాటు ఆమెకు లేదు. గడప బయటే ఆగి, శివజ్యోతిని పిలిచి, వచ్చిన పని చెప్పింది. మనవరాలు క్రిస్టినాను తన చిన్నకొడుకు ఏసుకుమార్‌కే చేయాలని అనుకున్నారు. ఫాదరుతో మాట్లాడి వచ్చే నెలకు పెట్టుకున్నారు. ఆ శిబిరంలో తనూ, కొడుకూ, క్రిస్టినా తల్లీ రక్తం ఇచ్చారు. ఇన్నేళ్లూ దాన్ని అడిగే పని పడలేదు. ఈ ఇంట్లో అరుపులు విన్నాక నిద్రపట్టలేదు.

"మా రక్తంలో ఏముండాదో చెప్తావా జ్యోతమ్మా?"

శివజ్యోతి తలుపు పట్టుకుని నిలబడింది. మీది ఏ నంబరో నాకు తెలియదని చెప్పింది. పేర్లు అప్పుడే తీసేశారు, ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు, పిల్లనూ పిల్లాణ్ణీ తీసుకొస్తే కొత్తగా పరీక్ష చేయిస్తానంది. రేపే చేయిస్తానంది. చెబుతుంటే తన గొంతు తనకే ఆసుపత్రి కౌంటరులో మనిషి గొంతులా వినిపించింది.

రాహేలమ్మ అంతా విని తల ఊపింది. కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకునుంటే బాగుండేది.

"ఇన్ని దినాలూ మీ ఇంటోళ్లవి చెప్పుకున్నారు, మావి చెప్పలేదు అనుకుంటాంటిమి," అంది. "మీవీ చెప్పుకోలేదంట కదా. పోనీలేమ్మా. అందర్నీ ఒకటే మాదిరి చూసినావు."

ఆ మాట అనేసి, కొంగు తల మీదికి లాక్కుని, తిన్నగా ట్రాక్టరు షెడ్డు వైపు నడిచింది. భూపేష్‌తో ఆమెకేం పనో శివజ్యోతికి తెలియలేదు. వెనకనుంచి గది తలుపు తీసిన చప్పుడయింది.

శిల్ప బయటికొచ్చింది. నాలుగు రోజుల్లో కళ్లకింద నల్లబడింది. చీర మార్చుకుంది, జడ వేసుకుంది. పోవడానికి తయారయి ఉంది. అది చూడగానే శివజ్యోతికి ప్రాణం లేచొచ్చింది. పోదాం పద తల్లీ, నీ మామతో నేను మాట్లాడతా, అవసరమైతే కాళ్లు పట్టుకుంటా అంది. ఈ పిల్లకు ఆరేళ్లప్పుడు జడలు వేసింది, బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది, మొదటి నెల ముట్టయినప్పుడు భయపడితే పక్కన పడుకుంది తనే. మిగతా ఎవరికి ఏం చేసినా, ఈ పిల్లకు ఈ ఒక్క పరీక్ష చేయిస్తే చాలు. అంతకుమించి ఆమె ఇప్పుడు దేవుణ్ణి ఏదీ అడగడం లేదు.

శిల్ప ఆమెకు అడ్డంగా నిలబడింది.

"వస్తా చిన్నమ్మా. ఒకటి అడుగుతా, చెప్పు. నీకు కాక ఆ సంగతి ఇంకెవురికి తెలుసు?"

చేటలో గింజ పడే చప్పుడు ఆగింది.

శివజ్యోతి తల్లి వైపు చూడలేదు. చూస్తే శిల్ప కనిపెడుతుంది. ఓబులమ్మ చేతులు ఆగాయని చెవులతోనే తెలుసుకుంది. నిజం చెబితే ఈ పిల్లకు మిగిలిన ఒక్క అవ్వ కూడా పోతుంది. కడుపుతో ఉంది. నాలుగు రోజులుగా సరిగా తినలేదు. ఇవాళ కాదు, పరీక్ష అయ్యాక, అంతా తేలాక ఎప్పుడో చెప్పొచ్చు. అన్ని ఏళ్లూ చెప్పుకున్న సమాధానమే, అంతే తొందరగా మళ్లీ నోటికొచ్చింది.

"ఎవురికీ తెలీదు. నాకొక్కదానికే."

 శిల్ప చాప మీద కూర్చుంది. ఇక లేచే ఉద్దేశం ఉన్నట్టు కూర్చోలేదు.

"శివానికి జబ్బని తేలిన ఏడాది మహానందికి పోయినాం," అంది. కోపం లేదు ఆ గొంతులో, ఎవరికో దారి చెబుతున్నట్టుంది. "అవ్వ కోనేట్లో మునిగి లేచి, తెలిసే చేసినా సామీ, బిడ్డ మీద తీర్సుకోవద్దు, నా మీద తీర్సుకో అని ఏడ్సింది. ఎనకాల మెట్టు మీద నేను నిలబడుంటి. అవ్వకు తెలుసని ఆపొద్దే తెలిసింది. చెప్పింది ఎవురో తెలీకుండె. ఆదివారం అది కూడా తెలిసిపోయింది."

ఓబులమ్మ నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది. మాట కాదు.

"మూడేండ్లు నోరు మూసుకోనుంటి," అంది శిల్ప. "అవ్వ నన్ను యాడికీ పంపకూడదని చేసింది. తప్పే. అయినా నా మీద ప్రేమతో చేసింది అనుకుంటి. ఈ నాలుగు దినాలూ మీ ఇద్దర్లో ఒకరన్నా చెప్తారని లోపల కూసోని ఎదురుచూస్తి. ఇప్పుడు నేనే వచ్చి అడిగితి. అడిగినా చెప్పకపోతివి."

శివజ్యోతి ఆమె పక్కన కూలబడింది. నీ కోసమే అన్నానంది. నువ్వు తట్టుకోలేవనుకున్నానంది.

"అదే నా భయం," అంది శిల్ప. "రేపు పరీక్ష చేస్తారు. కాగితం నీ చేతికొస్తాది. దాంట్లో చెడ్డదే ఉంటాది అనుకో. ఇది తట్టుకోలేదులే అని నువ్వు బాగుండాదంటావు. మంచిదే ఉన్నా, నువ్వు బాగుండాదంటావు. రెండూ ఒకటే మాదిరి చెప్తావు. నేను ఎట్ల నమ్మేది చిన్నమ్మా?"

శివజ్యోతి నోరు తెరిచింది. కాగితాన్ని నేరుగా నీకే పంపమంటానని చెప్పొచ్చు. వేరే డాక్టరు చేత చదివించుకోమనొచ్చు. అవన్నీ చెప్పొచ్చు, చెప్పేది తనే. తన నోటినుంచి వచ్చే ఏ మాటకూ ఇక ఈ పిల్ల దగ్గర విలువ లేదని అప్పుడు తెలిసొచ్చింది. తొమ్మిది మంది ఆమెను నమ్మి తమ రక్తాన్ని ఆమె చేతిలో పెట్టారు. సొంత అక్క బిడ్డ చిటికెడంత ముక్క పెట్టడానికి భయపడుతోంది. ఆ భయం తప్పని ఆమె ఏ ముఖం పెట్టుకుని చెప్పగలదు?

అప్పుడే భూపేష్ లోపలికొచ్చాడు. ముఖం కడుక్కుని వచ్చాడు. చొక్కా ముందుభాగమంతా తడిసి ఉంది. అక్కతో మాట్లాడలేదు, గోడతో మాట్లాడినట్టు మాట్లాడాడు. రాహేలమ్మ వచ్చి షెడ్డులో కాసేపు కూర్చుందట. మా పిల్లకు పరీక్ష చేయించాలంటే యాడికి పోవాలో కూడా మాకు తెలీదప్పా, నీ ఇంటి ముందర కారు వచ్చి నిలబడుండాది, కోపం మీ అక్క మీద పెట్టుకో, కారు మీద ఏంటికి పెట్టుకుంటావు, అందట.

"సరే. పోదాం పాండి," అన్నాడు. "నేనూ వస్తా. సూది పొడిచేటప్పుడు పక్కన నేనుంటా. కాగితం నా చేతికి రావల్ల."

నాలుగు రోజులుగా శివజ్యోతి ఎదురుచూసిన మాట అది. విని ఆమె తల దించుకుంది.

"నేను రాను మామా," అంది శిల్ప.

భూపేష్‌కు అర్థం కాలేదు. కట్టుకున్న చీర చూశాడు, వేసుకున్న జడ చూశాడు. పొద్దున్నుంచి తను తిట్టిన తిట్లకేమో అనుకున్నాడు. పాపం, మెత్తబడ్డాడు. తప్పయిందన్నాడు. ఎండ ఎక్కుతోంది, ఇప్పుడు బయలుదేరితేనే సాయంత్రానికి చేరతామన్నాడు. శివానిని తను ఎత్తుకుంటానన్నాడు.

"నేను రానని చెప్తాండా కదా."

"ఏంటికి?"

శిల్ప చెప్పలేదు. శివజ్యోతి వైపు తిరిగి అడిగాడు. ఆమె చెప్పలేదు. ముగ్గురు ఆడవాళ్లున్న ఆ నడవలో అతనొక్కడే ఏమీ తెలియనివాడు. ఆ సంగతి అతనికీ అర్థమవుతున్నట్టు ముఖం మెల్లగా బిగుసుకుంటోంది. బయట డ్రైవరు కారు తలుపు తీసి, లోపలి వేడి పోవడానికి అట్లాగే వదిలేశాడు.

ఓబులమ్మ చేటను పక్కకు జరిపింది. ఒళ్లో పొట్టు దులుపుకుంది. గోడ ఆసరా పట్టుకుని లేవబోయి, లేవలేక, మళ్లీ కూర్చుండిపోయింది.

"భూపా, ఈడ కూసో నాయనా," అంది. "ఆ నంబర్లు మీ అక్క ఒక్కదానికే తెలుసు అనుకుంటాండావు కదా నువ్వు."